దాహమని చెబితే చెవిలో మాటల గురించి అడిగారు

నాకు స్కిజోఫ్రీనియా ఉంది. ఇరవైల్లో మొదలైంది, ఇప్పుడు నలభైకి దగ్గర పడుతున్నాను. చెవిలో వినిపించే మాటల గురించీ, ఎవరో నన్ను గమనిస్తున్నారన్న భయం గురించీ డాక్టర్లతో మాట్లాడటం నాకు బాగానే అలవాటైంది. అలవాటు లేనిది ఒంటి గురించి మాట్లాడటం. ఇన్నేళ్ళలో దాని గురించి నన్ను అడిగినవాళ్ళు చాలా తక్కువ మంది. నా ఒంట్లో ఏం జరుగుతోందో బయటపడటానికీ, దానికి సరైన వైద్యం అందడానికీ ఏమేం దాటుకుని రావాల్సి వచ్చిందో రాస్తున్నాను. ఈ జబ్బు ఉన్నవాళ్ళు, వాళ్ళని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు చదువుతారని నా ఆశ.

అప్పట్లో నేను ఈ జబ్బుకిచ్చే ఓలాంజపిన్ అనే మందు వాడుతున్నాను. రాత్రిళ్ళు నోరు పిడచకట్టుకుపోయి మెలకువ వచ్చేది. మంచం పక్కన పెట్టుకున్న సీసాలో నీళ్ళు తెల్లారకముందే ఖాళీ. నీళ్ళు తాగడం, బాత్రూమ్‌కి వెళ్ళడం, వచ్చి పడుకునేసరికి మళ్ళీ దాహం. పగలంతా ఒళ్ళు బరువు, కాళ్ళు ఈడ్చుకుంటూ నడవడం. అక్షరాలు మసకబారేవి.

ఇక్కడ మిగతావాళ్ళకు లేని చిక్కు ఒకటి నాకుంది. ఒంట్లో ఏ తేడా వచ్చినా, ఇది నిజంగా ఒంట్లోదా, లేక జబ్బు పుట్టించిందా అని ముందు నన్ను నేనే అడుగుకోవాలి. నీళ్ళలో ఎవరో ఏదో కలుపుతున్నారని గట్టిగా నమ్మిన రోజులు నా జీవితంలో ఉన్నాయి. ఆ రోజుల్లో నాలుక మీద ఆ చేదు కూడా నిజంగానే తెలిసేది. అందుకని నీళ్ళ సంగతి ఎత్తాలంటేనే నాకు భయం. నేను నోరు విప్పకముందే అమ్మ కనిపెట్టింది. రాత్రి నాలుగోసారి లేచిన అలికిడికి వచ్చి, లైటు వేసి, "మళ్ళీ మొదలైందా తల్లీ?" అంది. ఆమె భయం షుగర్ గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

అక్క నన్ను దగ్గర్లో ఉన్న ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. దాహం, నీరసం, చూపు మసక అని నేనే చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు, ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగారు. అక్క చీటీ ఇచ్చింది. చీటీ చదువుతూ ఆయన చూపు ఒకచోట ఆగింది. అక్కడి నుంచి నాతో మాట్లాడటం మానేసి అక్క వైపు తిరిగారు. "నిద్రపోతోందా? మాత్రలు సరిగ్గా మింగుతోందా? తనలో తను ఏమైనా మాట్లాడుకుంటోందా?" నేను ఆయనకి రెండడుగుల దూరంలో కూర్చుని ఉన్నాను. చివరికి, "ఈ జబ్బులో కొంతమంది నీళ్ళు అతిగా తాగుతారమ్మా. మీ సైకియాట్రిస్ట్‌కి చెప్పండి" అని పంపించేశారు. బీపీ కూడా చూడలేదు.

ఆయన చెప్పిన మాటలో అబద్ధం లేదు. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళలో కొందరు అవసరానికి మించి నీళ్ళు తాగుతూనే ఉంటారు. దానివల్ల రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకి కూడా రావచ్చు. ఇంకో కారణం కూడా ఉండవచ్చు. చేతుల వణుకు తగ్గడానికి నేను వేసుకునే ట్రైహెక్సీఫెనిడిల్ నోటిని ఎండగొడుతుంది. మూడోది షుగర్. మూడింటికీ దాహమే లక్షణం. ఏది అనేది మనిషి మొహం చూసి తేల్చేది కాదు, రక్తం చూస్తే తేలిపోతుంది. సోడియం, షుగర్ రెండూ మామూలు పరీక్షలే. ఆ రోజు ఆయన ఆ రెండూ రాసి ఉంటే సరిపోయేది. అసలు నాకు ఆ అతిగా తాగే అలవాటే ఉందని ఆయన నమ్మితే, సోడియం పరీక్ష ఇంకా తొందరగా చేయించాలి కదా!

సైకియాట్రీ ఓపీలో ఎప్పుడూ రద్దీ. మాటలు తగ్గాయా, తగ్గాయి. నిద్ర పడుతోందా, పడుతోంది. అవే మాత్రలు కంటిన్యూ చేయండి. లేచి వచ్చేస్తుంటే అక్క తలుపు దగ్గర ఆగి, "ఒక్కసారి షుగర్ చూపిద్దామా డాక్టర్ గారూ, మంచినీళ్ళు విపరీతంగా తాగుతోంది" అంది. ఆయన తలెత్తి, మొదటిసారిగా నన్ను నిలువునా చూసి, చీటీ వెనక్కి తీసుకుని పరీక్షలు రాశారు. గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డయాబెటిస్ అంటారు. నాకు 9.2 వచ్చింది. కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు కూడా ఎక్కువే.

ఆ రిపోర్టు పట్టుకుని వెళ్ళిన ఫిజీషియన్ మేడమ్ నా కథని మలుపు తిప్పారు. ఆవిడ నా పాత ఫైలు మొత్తం అడిగారు. బాగా లావైన ఫైలు అది, మూలలు నలిగిపోయి ఉంటుంది. ఆవిడ మొదటి కాగితం నుంచి తిప్పడం మొదలుపెట్టారు. మాటలు ఎలా ఉన్నాయి, అనుమానాలు ఎలా ఉన్నాయి, ఏ మాత్ర ఎంత పెంచారు, ఎంత తగ్గించారు, అన్నీ ఉన్నాయి. ఆవిడ వేలు ప్రతి పేజీ పైభాగంలో, బరువు అని అచ్చువేసిన చోట ఆగుతోంది. పక్కన ఖాళీ. పేజీ తిప్పితే మళ్ళీ ఖాళీ. అలా చివరిదాకా వెళ్ళి, "ఇన్నేళ్ళలో మిమ్మల్ని ఎవరూ తూకం మీద నిలబెట్టలేదా?" అన్నారు. నాకు గొంతు పట్టేసింది. ఓలాంజపిన్ మొదలైన ఏడాదిలోనే నా బట్టలన్నీ పట్టకుండా పోయాయి. ఇంట్లో అందరూ చూశారు, ఆస్పత్రిలో అందరూ చూశారు. కోలుకుంటోంది, ఒళ్ళు చేసిందనుకున్నారు.

ఆవిడే టేపు తెచ్చి నడుము కొలిచారు. బీపీ చూశారు, ఈసీజీ తీయించారు. చెప్పులు విప్పమని పాదాలు చూశారు. ఎడమ మడమ దగ్గర పుండు ఒకటి ఉంది. నొప్పి లేదా అని అడిగితే, లేదని చెప్పాను. నిజంగానే పెద్దగా తెలియలేదు. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళలో చాలామంది నొప్పిని మిగతావాళ్ళంతగా చెప్పరని ఆవిడ వివరించారు. అపెండిక్స్ పగిలాక గానీ ఆస్పత్రికి చేరనివాళ్ళు వీళ్ళలో ఎక్కువని పరిశోధనల్లో తేలిందట. దానికి తోడు షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గడం మొదలైతే ఇక అడిగేవాడే ఉండడు. అందుకే నొప్పి లేదన్న మాట మీద ఆధారపడకుండా కళ్ళతో చూడాలి అన్నారు. అప్పటి నుంచి వారానికోసారి అక్క నా పాదాలు చూస్తుంది.

ఇదంతా ఎందుకు జరిగిందో తెలుసుకోకుండా నేను ఉండలేకపోయాను. చదివాను, ఇద్దరు డాక్టర్లనీ విసుగు వచ్చేదాకా అడిగాను. షుగర్‌కీ ఈ జబ్బుకీ ఉన్న చుట్టరికం మందులకన్నా పాతది. పిచ్చి ఉన్న కుటుంబాల్లో డయాబెటిస్ తరచుగా కనిపిస్తోందని ఇంగ్లండ్ డాక్టర్ హెన్రీ మాడ్స్లీ 1879లోనే రాశారు. అప్పటికి ఈ మందులేవీ లేవు, మొదటిదైన క్లోర్‌ప్రోమజిన్ వాడకంలోకి వచ్చింది 1952లో. మందు మొదలుపెట్టకముందు, జబ్బు తొలి దశలో ఉన్నవాళ్ళని పరీక్షించినా కొందరిలో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని ఈమధ్య పరిశోధనల్లో కనిపించింది. దాని మీద మందులు వచ్చి పడతాయి. బరువు పెంచడంలో ఓలాంజపిన్, క్లోజపిన్ అన్నిటికన్నా ముందుంటాయి. ఆకలి ఎంత తిన్నా తీరదు. ఆ ఆకలి గురించి మాత్రం ఒకమాట చెప్పాలి. అది నోటి చాపల్యం కాదు. కడుపు నిండా తిని లేచిన కాసేపటికే, రోజంతా పస్తున్నట్టు ఉంటుంది. "కాస్త నోరు కట్టుకోవచ్చు కదా" అనేవాళ్ళకి ఆ ఆకలి ఒక్క పూట అనుభవంలోకి వస్తే ఆ మాట అనరు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది 2004 నాటి ఒక పత్రం. అమెరికాలోని డయాబెటిస్ సంఘం, సైకియాట్రిస్టుల సంఘం కలిసి ఇచ్చిన సూచనలవి. ఈ కొత్త తరం మందులు మొదలుపెట్టేముందే బరువు, నడుము, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూడాలి. బరువు 4, 8, 12 వారాలకు మళ్ళీ చూడాలి. షుగర్, బీపీ మూడు నెలలు నిండాక మళ్ళీ చూడాలి, ఆ తర్వాత ఏడాదికోసారి. ఇందులో అర్థంకానిది ఏముంది? ఖరీదైన యంత్రం ఏముంది? తూకం, టేపు, కొంచెం రక్తం. ఇది వచ్చి ఎన్నో ఏళ్ళయ్యాక కూడా నా ఫైలులో ఆ గడి ఖాళీగా ఉంది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్ళ శరీర ఆరోగ్యం మీద విడిగా మార్గదర్శకాలు తేవాల్సి వచ్చిందంటే, ఇది నా ఒక్కదాని ఫైలు సంగతి కాదని తెలుస్తోంది. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళ ఆయుష్షు మిగతావాళ్ళకన్నా సగటున 15 ఏళ్ళ దాకా తక్కువ. ఆత్మహత్యలు ఇందులో ఒక భాగమే. ఎక్కువమందిని తీసుకుపోయేది గుండెజబ్బులు, ఊపిరితిత్తుల జబ్బులు, డయాబెటిస్ లాంటివే. గుండెపోటు వచ్చి ఆస్పత్రిలో చేరినవాళ్ళలో కూడా, మానసిక జబ్బు ఉంటే యాంజియోప్లాస్టీ, బైపాస్ లాంటివి చేయడం తక్కువని 2000లోనే అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం చూపించింది. అంటే తలుపు దాటి లోపలికి వెళ్ళాక కూడా మాకు అందేది తక్కువే.

ఇవన్నీ చదివాక నాకు మాత్రలంటే కోపం వచ్చింది. ఇదంతా వీటి వల్లేగా, ఆపేస్తానని సైకియాట్రిస్ట్‌కి మొహం మీదే చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఆ రోజు ఓపీలో ఇంకా చాలామంది ఉన్నా కుర్చీ ముందుకి జరుపుకుని కూర్చున్నారు. ఫిన్లండ్‌లో 62,250 మంది స్కిజోఫ్రీనియా పేషెంట్లని 20 ఏళ్ళ దాకా గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనం గురించి చెప్పారు. మందులు వాడని కాలాల్లో చనిపోయినవాళ్ళ లెక్క 46 శాతం దాకా వస్తే, ఏదో ఒక మందు వాడుతున్నప్పుడు 26 శాతం లోపు, క్లోజపిన్ వాడుతున్నప్పుడు 16 శాతం లోపు వచ్చిందట. బరువు పెంచే మందే అయినా అది వాడినవాళ్ళే ఎక్కువకాలం బతికారు. "మందు మానేస్తే ఒళ్ళు బాగుపడదమ్మా. జబ్బు ముదిరితే నువ్వు తిండి, నిద్ర, షుగర్ మాత్ర ఏదీ చూసుకోలేవు. మందు ఉంచుకుని ఒంటిని కాపాడుకుందాం. అవసరమైతే మందు మారుద్దాం, అదీ మెల్లిగా" అన్నారు. ఇంత వివరంగా నాతో మాట్లాడినందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. పరీక్షలు ముందే ఎందుకు రాయలేదని కూడా ఆ రోజే అడిగాను. ఇక్కడ మనసు చూస్తారు, ఒళ్ళు ఇంకెక్కడో చూస్తారని అందరం అనుకుంటున్నాం, ఆ మధ్యలో మీరు జారిపోతున్నారు అన్నారు. సాకు చెప్పలేదు.

బరువు అంతగా పెంచని అరిపిప్రజోల్‌కి మార్చి చూశాం. ఓలాంజపిన్ తగ్గిస్తూ, ఇది పెంచుతూ వచ్చారు. ఆకలి తగ్గింది, ఒళ్ళు తేలికపడింది, అమ్మ మొహంలో వెలుగు వచ్చింది. ఆ తర్వాత మాటలు తిరిగొచ్చాయి. ముందు పక్కగదిలోంచి, తర్వాత చెవి పక్కనుంచి. షుగర్ మిషన్‌లో వేలు పెట్టబోతుంటే, ఆ సూదిలో ఏముందో నీకు తెలుసా అని అడిగేవి. ఆ ప్రశ్నకి జవాబు తెలిసినా చెయ్యి వణికేది. కొందరికి ఈ మార్పు చక్కగా కుదురుతుంది. నాకు కుదరలేదు. అప్పటికి రెండు మూడు మందులు తగిన మోతాదులో వాడి చూసినట్టే కాబట్టి క్లోజపిన్ అన్నారు. షుగర్ ఉన్నవాళ్ళకి క్లోజపినా అని అక్క బెంగపడింది. ఫిజీషియన్ మేడమ్, సైకియాట్రిస్ట్ ఫోన్‌లో మాట్లాడుకున్నారు. నా వైద్యంలో ఇద్దరు డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నాకు తెలిసి అదే మొదలు. షుగర్‌కి వాడుతున్న మెట్‌ఫార్మిన్ మోతాదు సరిచేసి, దానితో పాటే క్లోజపిన్ మొదలుపెట్టారు. మెట్‌ఫార్మిన్ షుగర్‌తో పాటు ఈ మందుల వల్ల పెరిగే బరువుని కూడా కొంత అదుపు చేస్తుంది. చాలాకాలం వాడితే బీ12 విటమిన్ తగ్గవచ్చు కాబట్టి అది కూడా అప్పుడప్పుడు చూడాలి.

క్లోజపిన్ వాడటం ఒక క్రమశిక్షణ. 1975లో ఫిన్లండ్‌లో ఈ మందు వాడినవాళ్ళలో కొందరికి తెల్లరక్తకణాలు పడిపోయి, ఇన్ఫెక్షన్లతో ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత చాలా దేశాల్లో పక్కనపెట్టేశారు. వేరే మందులకి లొంగనివాళ్ళకి ఇది పనిచేస్తుందని 1988లో రుజువయ్యాక, రక్తపరీక్ష షరతు మీద మళ్ళీ వచ్చింది. చాలాచోట్ల మొదటి 18 వారాలు ప్రతి వారం రక్తం ఇవ్వాలి, తర్వాత వ్యవధి పెరుగుతుంది. గొంతునొప్పి, జ్వరం వస్తే ఆగకుండా పరుగెత్తాలి. మొదటి నెలా రెండు నెలల్లో గుండె కండరానికి వాపు రావచ్చు కాబట్టి గుండెదడ, ఆయాసం, ఛాతీనొప్పి కనిపెట్టుకుని ఉండాలి.

ఆ రక్తపరీక్షల వరసలోనే ఒక పెద్దాయన పరిచయమయ్యారు. ఆయనదీ క్లోజపినే. గుండె మంచిదని సిగరెట్లు ఒక్కసారిగా మానేశారు. కొద్దిరోజులకే మగత, తూలడం, చొంగ కారడం ఎక్కువైపోయి, జబ్బు ముదిరిందని ఇంట్లోవాళ్ళు కంగారుపడ్డారు. సంగతేమిటంటే సిగరెట్ పొగలోని రసాయనాలు కాలేయంలో క్లోజపిన్‌ని, ఓలాంజపిన్‌ని త్వరగా కరిగించేస్తాయి. పొగ ఆగితే ఆ కరగడం నెమ్మదించి, అదే మోతాదు రక్తంలో బాగా ఎక్కువవుతుంది. నికోటిన్ ప్యాచ్ పెట్టుకున్నా ఇది జరుగుతుంది, ఎందుకంటే ఆ పని చేసేది పొగే, నికోటిన్ కాదు. మానేయడం మంచిపనే, మానాలి కూడా. కాకపోతే ముందు డాక్టర్‌కి చెప్పి మోతాదు సరిచేయించుకుంటూ మానాలి. మళ్ళీ మొదలుపెట్టినా చెప్పాలి. ఈ ముక్క ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేను చాలామందిని అడిగాను, వాళ్ళలో కూడా తెలిసినవాళ్ళు తక్కువ.

రక్తకణాల గురించి అందరూ హెచ్చరించారు. కడుపు గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు. నన్ను ప్రమాదం దాకా తీసుకెళ్ళింది మాత్రం అదే. క్లోజపిన్ పేగుల కదలికని నెమ్మది చేస్తుంది. ట్రైహెక్సీఫెనిడిల్ లాంటి మాత్ర కూడా తోడైతే ఇంకా మందగిస్తుంది. మలబద్ధకమే కదా అనుకుంటే, పేగు పూర్తిగా ఆగిపోయి ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020 జనవరిలో దీని మీద హెచ్చరికని మరింత గట్టిగా చేసింది. నాకు మోషన్ కాక రోజులు గడుస్తున్నాయి. పొట్ట గట్టిపడింది. నొప్పి మామూలుగానే ఉంది, వాంతి మాత్రం ఆగలేదు. రాత్రివేళ ఒక ఆస్పత్రి క్యాజువాలిటీకి వెళ్తే, డ్యూటీలో ఉన్న డాక్టర్ చీటీ చూసి, సైకియాట్రీ వాళ్ళని పిలవమన్నారు. మనిషి ప్రశాంతంగా ఉంది, కడుపునొప్పి ఉన్నవాళ్ళు ఇలా ఉండరు అన్నారు. అక్క అప్పుడు గొంతు పెంచకుండా, ఒక్కో మాటా విడమరిచి చెప్పింది: "మా చెల్లి క్లోజపిన్ వాడుతోంది. మోషన్ లేదు, వాంతులు అవుతున్నాయి, పొట్ట ఉబ్బింది. నొప్పి తనకి ఎప్పుడూ తక్కువగానే తెలుస్తుంది. ముందు పొట్ట మీద చెయ్యి వేసి చూడండి. మనసు సంగతి తర్వాత." ఆయన చెయ్యి వేశారు. ఎక్స్‌రేకి పంపారు. పేగులో మలం గట్టిపడి పేరుకుపోయి ఉంది. ఇంకొంచెం ఆలస్యమైతే ఆపరేషన్ దాకా వెళ్ళేదని మర్నాడు సర్జన్ అన్నారు.

ఆ రాత్రి తర్వాత ట్రైహెక్సీఫెనిడిల్ అవసరం లేదని తేల్చి ఆపేశారు. విరేచనం సాఫీగా అయ్యే మందు క్లోజపిన్‌తో పాటు రోజూ వేసుకుంటున్నాను, ఇబ్బంది వచ్చాక కాదు, ముందు నుంచే. మోషన్ గురించి మాట్లాడటానికి సిగ్గుపడటం నేను మానేశాను. క్లోజపిన్ వాడే మనిషి మీ ఇంట్లో ఉంటే, మాటలు తగ్గాయా అని అడిగినంత తరచుగా ఇది కూడా అడగండి. రెండు రోజులు దాటితే ఊరుకోకండి. కడుపు ఉబ్బి, వాంతులు మొదలైతే తెల్లారేదాకా ఆగకండి.

ఇప్పుడు నేను ఏ కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ఒక కాగితం తీసుకెళ్తాను. పైన ఈ రోజు నా ఇబ్బంది ఏమిటో ఒంటి భాషలో రెండు వాక్యాలు. ఎప్పటి నుంచి, ఎంతసేపు, ఎక్కడ. దాని కింద బరువు, నడుము, బీపీ, హెచ్‌బీఏ1సీ, రక్తకణాల లెక్క, తేదీలతో సహా. మందుల పేర్లు అన్నిటికన్నా కింద ఉంటాయి. ఆ వరస మార్చడం ఫిజీషియన్ మేడమ్ ఇచ్చిన సలహా. ముందు ఇబ్బంది చదివితే డాక్టర్ దాని గురించి ఆలోచించడం మొదలుపెడతాడు, ముందు క్లోజపిన్ అని చదివితే మిగతాది చదవడు అన్నారావిడ. చెప్పడానికి బాధగా ఉన్నా ఇది పనిచేస్తోంది. అక్క పక్కన ఉన్నప్పుడు డాక్టర్ ఆమెతో మాట్లాడబోతే, "తననే అడగండి సార్, తను చెబుతుంది" అంటుంది. నాకు ఆ మాట మాత్రతో సమానం.

ఇంగ్లండ్‌లో డాక్టర్ హెలెన్ లెస్టర్ పేరు మీద ఒక చార్టు ఉంది. పొగ, బరువు, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఒక్కోటీ ఎంత దాటితే ఏం చేయాలో అందులో ఉంటుంది. ఊరికే కొలిచి వదిలేయకుండా ఏదో ఒకటి చేయండి అన్నది దాని సారం. కొలవడం నాకు ఆలస్యంగా మొదలైంది. మొదలయ్యాక చేయడం కూడా మొదలైంది. సాయంత్రాలు అక్కతో నడుస్తాను. మాటలు వినిపించే రోజుల్లో నడక కష్టం, జనం ఎదురైతే వెనక్కి వచ్చేయాలనిపిస్తుంది. అలాంటి రోజు ఇంటి చుట్టూనే తిరుగుతాం. తీపి పానీయాలు మానేశాను. పళ్ళ డాక్టర్‌కి కూడా చూపించుకున్నాను, ఏళ్ళ తరబడి నోరు ఎండిపోవడంతో రెండు పళ్ళు తీయించాల్సి వచ్చింది. కంటి లోపలి రెటీనా పరీక్ష అయింది, బాగానే ఉందన్నారు. బరువు తగ్గింది కొంచెమే. హెచ్‌బీఏ1సీ మాత్రం 6.9కి వచ్చింది. మడమ పుండు మానింది.

ఇంకో సంగతి తేలాల్సి ఉంది. జబ్బు మొదట్లో నాకు రిస్పెరిడోన్ ఇచ్చారు. అది వాడినంతకాలం నెలసరి ఆగిపోయింది. కడుపుతో ఉన్నానేమోనని, ఎవరో నా ఒంట్లో ఏదో పెట్టారని, ఆ వయసులో నా మనసు ఎన్ని దారులు తిరిగిందో నాకే తెలుసు. పెళ్ళికాని పిల్లని నెలసరి గురించి డాక్టర్ అడగలేదు, నేనూ అమ్మా ఎత్తలేదు. రిస్పెరిడోన్ ప్రొలాక్టిన్ హార్మోన్‌ని పెంచుతుందని, అందువల్ల నెలసరి ఆగుతుందని, కొందరికి పాలు కూడా వస్తాయని, మగవాళ్ళకి లైంగిక ఇబ్బందులు వస్తాయని అప్పుడు ఒక్కరు చెప్పినా ఆ భయాల్లో సగం ఉండేవి కాదు. నెలసరి అలా ఏళ్ళ తరబడి ఆగితే ఎముకలు బలహీనపడవచ్చని ఈమధ్యే తెలిసింది. ఎముకల సాంద్రత చూసే డెక్సా పరీక్ష చేయిస్తారా అని పోయిన అపాయింట్‌మెంట్‌లో నేనే అడిగాను. అక్క ఆ రోజు రాలేదు. సైకియాట్రిస్ట్ ఎందుకు అడుగుతున్నావన్నారు. రిస్పెరిడోన్ ఎప్పటి నుంచి ఎప్పటిదాకా వాడానో కాగితం చూపించి చెప్పాను. ఆయన ఆ తేదీలు నా ఫైలులో ఎక్కించి, పరీక్ష రాసిచ్చారు. వచ్చే నెలలో చేయించుకోవాలి.